ఈ ఇష్టం ఎవరి ఖాతాలో?

చేతిలో డబ్బు ఆడని ఇంట్లో వస్తువులు గడప దాటడానికి ఒక వరుస ఉంటుంది. ఎవరూ రాసి పెట్టుకోరు, అయినా అందరికీ తెలుసు. ముందు చీటీని నష్టానికి పాడతారు. తర్వాత ఆడవాళ్ల మెడలోవీ చేతులవీ తాకట్టుకు పోతాయి. అప్పటికీ గట్టెక్కకపోతే స్థలం కాగితాలు బీరువాలోంచి బయటికి వస్తాయి. ఇంటాయన బండి మాత్రం ఆ వరుసలో చిట్టచివర నిలబడుతుంది. ఒక్కోసారి వరుసలోకే రాదు. చీరాలలో పుట్టి చీరల మీదే బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ వరుసను ఎన్నో ఇళ్లలో చూశాను. ఇప్పుడు మా ఇంటి వంతు వచ్చింది. ఆ వరుస న్యాయమైనదేనా అని అడగకుండా ముందుకు పోలేకపోతున్నాను.

నా దగ్గరున్నది యమహా ఆర్‌ఎక్స్ 100. ఎస్కార్ట్స్ వాళ్లు జపాన్ యమహాతో కలిసి 1985లో మన దేశంలో విడుదల చేసి, 1996లో తయారీ ఆపేసిన బండి. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 11 హార్స్‌పవర్. అంకెల్లో చూస్తే గొప్పగా ఏమీ కనిపించదు. బరువు తక్కువ, ఊపు ఎక్కువ. యాక్సిలరేటర్ తిప్పీ తిప్పకముందే ముందుకు దూకుతుంది. మగ్గాలకు పడుగులు ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో ఒక లెక్చరర్ గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నా సంపాదనతో నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అదే.

డబ్బు ఎందుకు ఆడటం లేదో చెప్పాలి. నాది పెద్ద కొట్టు కాదు. జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం వైపు కొన్ని మగ్గాలకు పట్టూ జరీ ఇచ్చి కుప్పడం చీరలు నేయించుకుంటాను. చీర దిగిన వెంటనే నేతగాడికి మజూరీ ఇవ్వాలి. పట్టు కొట్టులో, జరీ కొట్టులో రొక్కం పెట్టాలి. చీరలు తీసుకునే పట్నం షాపులు మాత్రం అరువు పెడతాయి. మూడు నెలలన్నది ఆరు నెలలవుతుంది. గట్టిగా అడిగితే వచ్చేసారి సరుకు తీసుకోరు. దానికి తోడు వానలు. మగ్గం గుంటలో నీళ్లు చేరితే నేత ఆగిపోతుంది. గుంట ఆరాలి, పడుగు తేమ పోవాలి, అప్పటిదాకా ఆ ఇంట్లో పని లేదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వాన ఈ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మా వ్యాపారంలో దివాలా తీసేవాళ్ల కన్నా ఊపిరాడనివాళ్లే ఎక్కువ. బీరువా నిండా చీరలుంటాయి, శనివారం మజూరీకి డబ్బుండదు.

ఈ పరిస్థితిలో మా ఆవిడ గాజులు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమండీ, ఇవి పెట్టి తెండి. బండి జోలికి మాత్రం పోకండి" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఆ బండంటే నాకెంత ఇష్టమో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు.

బండిని నేను చూసే చూపు వేరు. ట్యాంకుకు నా మోకాళ్లు ఆనే చోట రంగు పలచబడి లోపలి ప్రైమరు బూడిద రంగులో కనిపిస్తుంది. చీరల మూట కట్టే తాడు ఒరుసుకుని వెనక కమ్మీ మీద నికెల్ లేచిపోయింది. పొద్దున్నే చోక్ లాగి కిక్ కొడితే, రాడ్డు సగం దిగాక ఇంజను ఎదురు తన్నే చోటొకటి ఉంటుంది. ఆ చోటు నా కుడికాలికి తెలుసు. వేరేవాళ్లు అయిదారు కిక్కులు కొట్టి చెమటలు కక్కుతారు. వాడరేవు రోడ్డెక్కితే ఉప్పుగాలిలో టూటీ ఆయిల్ పొగ కలిసి ఒక వాసన వస్తుంది. ఆ వాసన వస్తే నా వయసు గుర్తుండదు. మా మెకానిక్ భాయ్ బండి తన షెడ్డు ముందు ఆగకముందే, శబ్దం విని లోపలి నుంచే అంటాడు: "గొంతు పూడింది అన్నా, సైలెన్సర్‌లో కార్బన్ పట్టింది, కాల్చాలి." పదేళ్ల పిల్లవాడి దగ్గును బట్టి జబ్బు చెప్పే పాత ఆరెంపీ డాక్టర్లను నేను చూశాను. ఆ నేర్పు ఇది.

ఇంత ఇష్టం ఉన్నవాడు తనకు తాను చెప్పుకునే మొదటి మాట "అది నాకు అవసరం" అని. మగ్గాల దగ్గరికి వెళ్లాలి, చీరలు తేవాలి, బండి లేకపోతే ఎలా? ఆ ప్రశ్నకు జవాబు మా వీధిలోనే తిరుగుతోంది. టీవీఎస్ ఎక్సెల్ మీద నాకన్నా పెద్ద మూటలు మోసేవాళ్లున్నారు, పెట్రోలు కూడా తక్కువ తాగుతుంది. ఆర్‌ఎక్స్ 100కు సామాను దొరకడమే కష్టమైంది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించాలి; ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 రూపాయలైంది. కాబట్టి అవసరం అన్న మాట నిలవదు. నాకు కావలసింది ఒక బండి. నేను ఉంచుకోవాలనుకుంటున్నది ఈ బండి.

ఏది అవసరం, ఏది కాదు అన్న ప్రశ్నను మన చట్టం ఎప్పుడో ఒక కొలిక్కి తెచ్చింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ ఉంది. అప్పు తీర్చలేకపోయినవాడి ఆస్తిని కోర్టు జప్తు చేసేటప్పుడు వేటిని ముట్టుకోకూడదో అందులో రాసి ఉంటుంది. కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, మంచం పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, చేతివృత్తివాడి పనిముట్లు, రైతు సాగు సామగ్రి, పశువులు, విత్తనాలు. నేతగాడి మగ్గం ఆ రక్షణ కిందికి వస్తుంది. మంగళసూత్రం వస్తుంది. అన్నం వండే గిన్నె వస్తుంది. మనసుకు ఎంత దగ్గరైనా సరే, నా బండిలాంటిది రాదు. చట్టానికి హృదయం లేదంటారు గానీ, ఈ జాబితా రాసినవాళ్లు మనుషుల ఇళ్లను బాగా చూసినవాళ్లే. మన ఇళ్లల్లో మనం పాటించే వరుస దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. చట్టం ముట్టుకోవద్దన్నవాటికి దగ్గరగా ఉన్నవే మన ఇళ్లలో మొదట బయటికి పోతాయి.

ఇక ఇష్టం సంగతి. నేను ప్రేమిస్తున్నది దేన్ని? మా జిల్లాలోనే ఉన్న భట్టిప్రోలు స్తూపం చూడటానికి ఒకసారి వెళ్లినప్పటి నుంచి బౌద్ధం గురించి కొంత చదువుతూ వస్తున్నాను. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు, యవన రాజు మిళిందుడిని అడుగుతాడు. రాజా, నువ్వు రథం మీద వచ్చానన్నావు కదా, ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? రాజు ఒక్కొక్కదానికీ కాదంటాడు. అన్నీ కూడినప్పుడు వాడుకలో రథం అంటున్నామని చివరికి రాజే ఒప్పుకుంటాడు. నా బండిని అలా విప్పి చూసుకున్నాను. బోరు చేయించాను, పిస్టన్ మార్చాను, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు, షాక్ అబ్జార్బర్లు, సీటు, హెడ్‌లైట్ అన్నీ మారినవే. ఆ లెక్చరర్ గారి చేతుల్లోంచి నేను తీసుకున్న ఇనుము ఇప్పుడు ఇందులో సగం కూడా ఉండదు. మారనివి రెండు అంకెలు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ప్రభుత్వం దృష్టిలో బండి అంటే ఆ రెండే.

నా దృష్టిలో బండి అంటే నా కుడికాలికి తెలిసిన ఆ చోటు, చెవికి తెలిసిన ఆ గొంతు, వాడరేవు గాలి. వీటిలో ఏదీ సీ బుక్కులో లేదు, కొనేవాడితో వెళ్లదు. ఈ ఆలోచన నా బాధను తగ్గించిందని మాత్రం చెప్పను. నాగసేనుడు రాజును ఓదార్చడానికి ఆ మాట చెప్పలేదు. పేరును పట్టుకుని వస్తువు అనుకోవద్దని చెప్పాడు. బాధ బాధగానే ఉంటుంది. అది దేని గురించో తెలిస్తే చాలు.

ఇష్టంగా చేసినదాన్ని వదిలేయడం ఎలాగో రోజూ చూపించేవాళ్లు నా చుట్టూ ఉన్నారు. నేతగాడు రోజుల తరబడి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పోగు తెగితే ముడి వేసి, అంచు వంకర పోతే విప్పి మళ్లీ నేసి చీర పూర్తి చేస్తాడు. తర్వాత మగ్గం మీద నుంచి కోసి, మడిచి నా చేతిలో పెడతాడు. ఆ చీర అతని ఇంట్లో ఎవరూ కట్టరు. చీరాల పేరును సముద్రాల అవతలికి మోసిన తేలియా రుమాళ్లు కూడా అంతే. అరబ్బు దేశాలకూ ఆఫ్రికాకూ వెళ్లిపోయాయి. పాతవి కొన్ని ఇప్పుడు లండన్‌లోని ఒక మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, నేసిన పేటల్లో వెతికినా కనబడవు. ఈ ఊరు బతికిందే ఇచ్చేయడం మీద.

బండిని అడుగుతూ హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఆర్‌ఎక్స్ తయారీ ఆగిపోయాక పుట్టినవాడు. అరగంట సేపు చుట్టూ తిరిగి చూశాడు, ఒక్కసారి స్టార్ట్ చేయమని అడిగి కళ్లు మూసుకుని విన్నాడు. లక్షా ఇరవై వేలు ఇస్తానన్నాడు. నేను కొన్న ధరకు అది ఎన్నో రెట్లు. బేరం ఆడే మనిషిలా కనిపించలేదు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఆ రాత్రి మిత్రుడొకడు చెప్పిన మాట ఊళ్లో ఎవరైనా చెప్పేదే. "బంగారం మళ్లీ వస్తుంది, బండి మళ్లీ రాదు. గాజులు పెట్టు." పైకి చూస్తే ఇది తిరుగులేని లెక్క. తాకట్టు అంటేనే తిరిగి తెచ్చుకోవడం. అమ్మకం అంటే తెగిపోవడం. అయితే బంగారం తనంతట తాను తిరిగి రాదు. నెలనెలా వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? కూరల్లో తగ్గిస్తారు, పండక్కి చీర మానేస్తారు, మోకాళ్ల నొప్పికి డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా వేస్తారు. ఆ తగ్గింపులన్నీ ఎవరి మీద పడతాయో మన ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. అప్పటికీ కట్టలేకపోతే ఏమవుతుందో పేపర్లలో నిండు పేజీలుగా వచ్చే తాకట్టు బంగారం వేలం ప్రకటనలు చెబుతాయి. ఆ నంబర్ల వెనక ఒక్కొక్కటీ ఒక పెళ్లి గాజు, ఒక పుట్టింటి గొలుసు.

ఈ తాకట్టు కథ మన ఇళ్లదే కాదు. కార్ల్ మార్క్స్ 1852 ఫిబ్రవరిలో ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో, కోట్లు తాకట్టులో ఉన్నాయి కాబట్టి ఇల్లు కదలలేకపోతున్నానని రాశాడు. లండన్ చలిలో కోటు లేకుండా బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళ్లడం కుదరదు. వెళ్లకపోతే పుస్తకం సాగదు. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన పెట్టుబడి గ్రంథం మొదటి అధ్యాయంలోనే 20 గజాల నారబట్ట ఒక కోటుకు సమానం అన్న ఉదాహరణ ఉంటుంది. మా బట్టల ఊరివాళ్లకు ఆ అధ్యాయం ఇట్టే అర్థమవుతుందని నా నమ్మకం. కోటు కథ చాలామంది రాశారు. ఆయన భార్య జెన్నీకి పుట్టింటివారి తరఫున వచ్చిన వెండి సామాను కూడా తాకట్టు దుకాణానికి తిరుగుతూనే ఉండేది. నాకు ఆ వెండి కథే ఎక్కువ గుర్తుంటుంది. కోటు పోతే ఆయన పని ఆగింది గనుక ఉత్తరంలోకి ఎక్కింది. వెండి పోతే ఎవరి పనీ ఆగదు. ఆవిడ మనసులో ఏం ఆగిందో చరిత్రకు అంతగా పట్టలేదు.

నా ఆలోచన తేలింది మాత్రం జాండ్రపేటలో, ఒక నేత ఇంటి అరుగు మీద. పోయిన శనివారం మజూరీ పూర్తిగా తీసుకుపోలేకపోయాను. సగం ఇచ్చాను. మగ్గం దగ్గర కూర్చున్నతను తలెత్తలేదు. కండెలు చుడుతున్న అతని భార్య రాట్నం ఆపి అంది: "పర్లేదులే అన్నా. నీకు ఇబ్బందైతే వచ్చే వారమే ఇద్దువుగాని. నా కమ్మలు పెట్టి తెచ్చుకుంటాం. పిల్ల ఫీజు ఒక్కటే కదా." అందులో నిష్ఠూరం లేదు. బయట వేపచెట్టు నీడలో నా బండి స్టాండేసి ఉంది. తుడిచి ఉంది, పొద్దున్నే తుడిచాను.

నా ఇష్టం ఖరీదు నేను కడుతున్నాననే లెక్కలో ఉన్నాను. పెట్రోలు నేనే పోయిస్తాను, సామాను నేనే కొంటాను. కానీ లక్షా ఇరవై వేలు విలువ చేసేది అరుగు ముందు నిలబెట్టుకుని ఆ ఇంటి మజూరీ ఆపితే, ఆమె కమ్మల మీద వడ్డీ నా బండిని ఉంచుకున్నందుకు కట్టే అద్దె. ఆ అద్దె ఆమె కడుతుంది. మా ఇంట్లో అయితే మా ఆవిడ కడుతుంది. ఇష్టం నాది, ఖాతా వాళ్లది. నేతగాళ్లకు మజూరీ వారం ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకునే ఊరు కాదు ఇది. 1991లో నూలు ధర పెరిగి నేత ఆగిపోయినప్పుడు ఈ ప్రాంతపు నేత ఇళ్లలో ఆకలి చావులు వార్తలకెక్కాయి. మా వయసువాళ్లకు ఆ సంవత్సరం గుర్తుంది.

ఇష్టాలు వదులుకోవాలని ఎవరికీ చెప్పను. "ఒక్క ఇష్టమైనా మిగలకపోతే మనిషి దేనికోసం లేస్తాడు?" అని ఆ మిత్రుడే అడిగాడు. అది నిజమైన ప్రశ్న. కష్టకాలంలో మనిషిని నిలబెట్టేవి ఒక్కోసారి అలాంటివే. 1921లో మా ఊళ్లు చేసింది తలుచుకోండి. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి, 4,000 రూపాయల పన్నును 40,000కు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయట రామనగరంలో పాకల్లోకి వెళ్లారు. దాదాపు 11 నెలలు ఎండలో వానలో అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారు జైలుకు వెళ్లారు. లాభనష్టాల లెక్క వేస్తే అది మొండితనం. నాకు మాత్రం అందులో గౌరవమే కనిపిస్తుంది, ఎందుకంటే తమ పట్టుదల ఖరీదును వాళ్లే మోశారు. తమ ఇళ్లు తామే వదిలారు, తమ పిల్లలతో తామే తడిశారు. వాళ్ల మొండితనానికి పక్కవాడి కమ్మలు తాకట్టుకు పోలేదు.

కాబట్టి బండి అమ్మాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే అడుగుతాను: ఉంచుకుంటే ఆ భారం ఎవరు మోస్తారు? మీరే మోసేటట్టయితే, ఒక పూట తక్కువ తిని, కొత్త చొక్కా మానేసి, సాయంత్రాలు ఇంకో పని చేసి ఉంచుకోగలిగితే ఉంచుకోండి. ఎవరేమన్నా అమ్మకండి. ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే కుర్రాడికి బండే మగ్గం. అది అమ్మితే కూడు పోతుంది, అమ్మకూడదు. మిరపలో నష్టపోయిన పర్చూరు వైపు రైతు పాత అప్పు వడ్డీకే బండి అమ్ముకుంటానంటే వద్దంటాను, అసలు తగ్గనప్పుడు బండీ పోయి అప్పూ మిగులుతుంది. కానీ మీ ఇష్టం నిలబడటానికి వేరే మనిషి ఒంటి మీది వస్తువు దిగాల్సి వస్తే, ఆ మనిషి నవ్వుతూ తీసి ఇచ్చినా సరే, అమ్మేయండి. నవ్వుతూ ఇచ్చారంటే వాళ్లకు నొప్పి లేదని కాదు, మీ నొప్పి చూడలేకపోతున్నారని.

హైదరాబాద్ కుర్రాడికి ఫోను చేసి బండి ఇస్తానని చెప్పాను. నిన్న కాగితాల కోసం భాయ్ షెడ్డు దగ్గర బండి నిలబెట్టి, హ్యాండిల్ కింద మెడ భాగంలో చెక్కి ఉన్న ఛాసిస్ నంబరు మీద గ్రీజు తుడిచి, పల్చటి కాగితం అంటించి పెన్సిల్‌తో రుద్దాము. ఒక్కొక్క అంకె నల్లటి గీతల మధ్య తెల్లగా పైకి తేలింది. భాయ్ కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, "బాగా వచ్చింది అన్నా" అన్నాడు. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

పాత బండ్లు అమ్మేవాళ్లకు ఒక మాట. డబ్బు చేతికొచ్చిందని తాళాలిచ్చి ఊరుకోకండి. 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి, పేరు మారేదాకా వెంటపడండి. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అనీ, బండి చేతులు మారినా ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అనీ సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.

వచ్చే డబ్బులో మొదట జాండ్రపేట మజూరీ బాకీ, తర్వాత మిగతా మగ్గాలవి, ఆ తర్వాత పట్టు కొట్టు. మిగిలినదాంతో ఒక పాత టీవీఎస్ ఎక్సెల్ చూడమని భాయ్‌కి చెప్పాను. గాజులు మా ఆవిడ చేతికే ఉంటాయి.